లోహం పేరు కాదు, పైపొర చూడండి

వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో జనగామ దాటగానే పెంబర్తి వస్తుంది. రోడ్డు పక్కన ఇత్తడి సామాను దుకాణాలు. బస్సు కిటికీలోంచి చూసినా ఆ మెరుపు కనబడుతుంది. నేను ఈ పూట మాట్లాడబోయేది సెల్‌ఫోను గురించి, ల్యాప్‌టాప్ గురించి. వాటికి వేసే లోహపు తొడుగు గురించి. అయినా మాట పెంబర్తి దగ్గరే మొదలుపెడతాను. లోహపు రేకును తొడుగుగా ఎలా మలచాలో, ఆ తొడుగు పది కాలాలు నిలవాలంటే పైన ఏం చెయ్యాలో తరతరాలుగా తెలిసినవాళ్లు అక్కడున్నారు.

గుడి ముందు ధ్వజస్తంభం చూడండి. లోపల కర్ర. పైన ఇత్తడి తొడుగు. స్వామివారి వాహనాలూ అంతే. లోపల చెక్క, పైన రేకు. పెంబర్తి విశ్వకర్మల చేతి పని ఇది. కాకతీయుల కాలం నాటి విద్య అని చెప్పుకుంటారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఆ పని దగ్గర కూర్చుని చూడాలి. ముందు రేకును కాలుస్తారు. కాలిస్తే మెత్తబడుతుంది. బొమ్మ గీసి, లక్క పరిచిన బల్ల మీద రేకును అంటిస్తారు. లక్క గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, కానీ దెబ్బ పడినచోట కొంచెం లోపలికి పోనిస్తుంది. దాని మీద చిన్న చిన్న ఉలులతో కొడుతూ పోతారు. కొట్టేకొద్దీ ఇత్తడి బిగుసుకుంటుంది. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మళ్లీ కాల్చి మెత్తబరుస్తారు. బొమ్మ తేలాక శుభ్రం చేసి, బఫింగ్ చక్రం మీద పెడతారు. అప్పుడు ఆ పసుపు మెరుపు వస్తుంది.

కానీ పని అక్కడితో అయిపోదు. ఆ మెరుపు మీద సన్నగా లక్కర్ పూత వేస్తారు. కంటికి కనబడని పూత. అది లేకపోతే కొన్నాళ్లకే ఇత్తడి నల్లబడుతుంది. పూత ఎక్కడ గీరుకుపోతే అక్కడే నలుపు మొదలవుతుంది. బొమ్మ ఎంత గొప్పగా కొట్టినా, ఇత్తడి ఎంత మంచిదైనా, ఇంట్లో పెట్టుకున్నవాడికి రోజూ కనబడేది ఆ పైపొరే.

ఈ ఒక్క మాట పట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఫోను కొనేటప్పుడు లోహం పేరు ఒక్కటే చూడకండి. పైపొర చూడండి.

మన ఇళ్లలో ఇది తెలియని సంగతి కాదు. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి వేయించేవాళ్లం. కళాయి ఉన్నంతకాలం పులుసు కాచినా ఫరవాలేదు. కళాయి పోయిందంటే పులుపు ఇత్తడిని తింటుంది, చిలుము పడుతుంది, వంట పాడవుతుంది. గిన్నె బలం ఇత్తడిది. పులుపుకు ఎదురు నిలిచేది కళాయి. ఫోను తొడుగులోనూ ఇట్లాగే పని రెండుగా పంచి ఉంటుంది. బరువు, గట్టిదనం, వేడి లోపలి లోహం చూసుకుంటుంది. మీ చేతి చెమట, జేబులోని దుమ్ము, కిందపడ్డప్పటి రాపిడి పైపొర చూసుకుంటుంది.

ముందు లోహం సంగతి చెబుతాను.

హనుమకొండ చౌరస్తాలో ఏ ఫోన్ల దుకాణంలోకి వెళ్లినా ఒక మాట వినబడుతుంది. "మెటల్ బాడీ అన్నా, ఏం కాదు." మెటల్ అంటే ఏ మెటల్? ఎక్కువగా అల్యూమినియమే. అది కూడా ఒట్టి అల్యూమినియం కాదు. మరీ మెత్తన కాబట్టి మెగ్నీషియం, సిలికాన్, జింకు లాంటివి కొంచెం కొంచెం కలిపి గట్టి చేస్తారు. ఏది కలిపారు, ఎట్లా కాల్చి చల్లార్చారు అన్నదాన్ని బట్టి బలం మారిపోతుంది. 2014లో ఐఫోన్ 6 వచ్చింది. పలుచగా, పొడుగ్గా ఉండేది. ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగిపోతోందని లోకమంతా గోల. మరుసటి ఏడు 6ఎస్‌లో 7000 శ్రేణి అనే గట్టి మిశ్రమం వాడారు. రెండూ అల్యూమినియమే. పేరు ఒక్కటే, గుణం వేరు. అందుకే అల్యూమినియం అన్న మాట ఒక్కటే విని తృప్తి పడకూడదు అంటున్నాను.

అయితే అల్యూమినియానికి ఇంత ఆదరణ ఎందుకు? తేలిక. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. ఇత్తడి 8 గ్రాములు దాటుతుంది. అంటే పెంబర్తి రేకుతో ల్యాప్‌టాప్ తొడుగు చేస్తే, అదే మందానికి మూడింతల బరువు. భుజం లాగేస్తుంది. ఇక వేడి. అల్యూమినియం వేడిని గబగబా లాక్కుని బయటికి పంపిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే 10 రెట్లకు పైగా. టైటానియం మిశ్రమం కంటే 20 రెట్లకు పైగా.

ఈ వేడి సంగతి మనకు చాలా ముఖ్యం. వేరే ఊళ్లవాళ్ల కంటే మనకు ముఖ్యం. ఐఫోను వాడటానికి చుట్టుపక్కల గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని దాన్ని చేసిన కంపెనీయే చెబుతుంది. మే నెలలో వరంగల్‌లో 35 డిగ్రీలంటే చల్లని పూట కింద లెక్క. 42, 43 డిగ్రీల ఎండలో ఎనుమాముల మార్కెట్లో నిలబడి మిర్చి బస్తాల ఫొటోలు తీసి పంపే రైతు ఫోను ఎంత వేడెక్కుతుంది! లోపలి చిప్పు తన వేడిని వదిలించుకోవాలి. వదిలించుకోలేకపోతే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మనం ఫోను పాతబడింది అంటాం. పాతబడలేదు, ఉడికిపోతోంది. కాబట్టి మన వాతావరణానికి వేడిని తేలిగ్గా వదిలే లోహం మేలు. నా ఓటు అల్యూమినియానికే. మీరు మంచి లోహపు ఫోను కొని, దాని మీద మందపాటి రబ్బరు కవరు వేసి, ఎండలో చార్జింగ్ పెడితే మాత్రం ఆ గుణం మీకు దక్కదు. కనీసం చార్జింగ్ పెట్టినంతసేపు కవరు తీయండి.

టైటానియం గురించి అడుగుతారని తెలుసు. చాలా బలమైన లోహం. తుప్పు పట్టదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిశ్రధాతు నిగమ్ ఉంది, మనం మిధాని అంటాం. 1973లో పెట్టిన సంస్థ. రాకెట్లకు, విమానాలకు పనికొచ్చే టైటానియం మిశ్రమాలు అక్కడ తయారవుతాయి. అంతటి లోహం 2023లో ఐఫోన్ 15 ప్రో చుట్టూ పట్టీగా వచ్చింది. కానీ గమనించండి. వేడిని సరిగా వదలదు కాబట్టి లోపల అల్యూమినియం చట్రం పెట్టి, దానికి టైటానియం పట్టీని అతికించారు. రెండేళ్లు తిరిగేసరికి, 2025లో 17 ప్రోకు మళ్లీ అల్యూమినియం దగ్గరికే వచ్చారు.

టైటానియానిదే ఇంకో ముచ్చట ఉంది. 2001లో పవర్‌బుక్ జీ4 అనే ల్యాప్‌టాప్ వచ్చింది. పై తొడుగు టైటానియం. అప్పట్లో అందరూ నోరు తెరిచి చూసిన యంత్రం. దాని మీద రంగు పూశారు. చేతులు ఆనేచోట, అంచుల దగ్గర ఆ రంగు పెచ్చులుగా లేచిపోయింది. లోపలి లోహానికి ఏమీ కాలేదు. చూడటానికి మాత్రం పాత ఇనుప పెట్టెలా తయారైంది. లోహం గెలిచింది, పైపొర ఓడింది.

మెగ్నీషియం చాలా ల్యాప్‌టాపుల లోపల, కొన్నిటికి బయట కూడా ఉంటుంది. అల్యూమినియం కంటే తేలిక. ఘన సెంటీమీటరుకు 1.7 గ్రాములే. మోసుకు తిరిగేవాళ్లకు హాయి. కానీ తడికీ ఉప్పుకూ తట్టుకోలేదు. అందుకని దాని మీద ఎప్పుడూ పూత ఉంటుంది. పూత లేచిన చోట బూడిద రంగు మచ్చలు పడతాయి. మెగ్నీషియం ల్యాప్‌టాప్ తీసుకుంటే దాని పూతను కాపాడుకోవాలి. దాని గురించి అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పైపొర.

అల్యూమినియానికి వేసే పైపొరను అనోడైజింగ్ అంటారు. మన ఇళ్ల కిటికీలకు బిగించే అల్యూమినియం సెక్షన్ల మీద ఉండేది కూడా ఇదే. ఇది రంగు పూయడం లాంటిది కాదు. లోహం చర్మాన్నే మందంగా పెంచడం. ఎలాగో చెబుతాను, కొంచెం ఓపికగా వినండి.

ముందు తొడుగును నునుపు చేస్తారు. తర్వాత సన్నని గుళ్లను గాలితో దాని మీదికి విసురుతారు. అప్పుడు ఆ పట్టులాంటి మసక మెరుపు వస్తుంది. చేతి ముద్రలు అంతగా కనబడవు. ఆ తొడుగును నీళ్లు కలిపిన గంధకామ్లంలో ముంచి, కరెంటు పాజిటివ్ తీగను దానికి తగిలిస్తారు. కరెంటు పారుతుంటే అల్యూమినియం ఆమ్లజనితో కలిసి ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర కొంత లోపలికి, కొంత బయటికి పెరుగుతుంది. అంటే అది లోహంలోంచి పుట్టిందే. పైన అంటించింది కాదు. అందుకే పెయింటులా ఊడి రాదు.

ఆ పొర నిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. తొడుగును రంగునీళ్లలో ముంచితే ఆ రంధ్రాల్లోకి రంగు దిగుతుంది. నీలం, బంగారు, నలుపు, ఏదైనా. ఆ తర్వాత మరిగే నీళ్లలో వేస్తారు. రంధ్రాల నోళ్లు ఉబ్బి మూసుకుపోతాయి. రంగు లోపల ఉండిపోతుంది. దీన్ని సీలింగ్ అంటారు. ఈ ఆఖరి మెట్టు సరిగా చేశారా లేదా అన్నదాని మీదే రంగు ఎన్నాళ్లుంటుందన్నది ఆధారపడుతుంది. తొందరపడి చేసిన చవక సరుకులో తేడా వచ్చేది చాలాసార్లు ఇక్కడే.

ఆ పొర ఎంత మందం? సుమారు 10 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. అంత పలుచన. కానీ ఆక్సైడు గట్టిది. కింద ఉన్న అల్యూమినియం కంటే చాలా గట్టిది. గట్టిదే కానీ పెళుసు. పదునైన అంచు దగ్గర ఆ పొర సరిగా కుదురుకోదు. అక్కడ తగిలితే చిట్లుతుంది. చిట్లితే లోపలి వెండి రంగు బయటపడుతుంది.

నల్ల ఫోను మీద ఈ వెండి గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2012లో నల్ల ఐఫోన్ 5 కొన్నవాళ్లు మొత్తుకున్నది ఇందుకే. 2025లో 17 ప్రో వెనక కెమెరా గట్టు అంచుల మీద వచ్చిన ఫిర్యాదులూ ఇవే. అదే వెండి రంగు ఫోనయితే గీత పడినా కనబడదు. లోపలి రంగు, పైరంగు ఒకటే కాబట్టి. మీరు కవరు వేయకుండా వాడే మనిషయితే వెండి రంగు తీసుకోండి. ముదురు రంగు ఇష్టమయితే కవరు వేయండి. ముదురు రంగు, పదునైన అంచు రెండూ ఉన్న ఫోను తీసుకుంటే మాత్రం అంచుల మీద గీతలకు సిద్ధపడాలి.

ఇక మన దుమ్ము. హనుమకొండ చుట్టూ ఎటు చూసినా గ్రానైటు గుట్టలే. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది. రోడ్డు దుమ్ములో, ఇంటి పనికి తెచ్చిన ఇసుకలో కూడా అదే. పలుగురాయి స్టీలును గీస్తుంది. ఫోను అద్దాన్నీ గీస్తుంది. జేబులో తాళంచెవులు ఫోనును పాడుచేస్తాయని అందరూ భయపడతారు. తాళంచెవి కంటే జేబు అడుగున చేరిన చారెడు దుమ్ము ప్రమాదం. కవరు వేసుకున్నా ఇది తప్పదు. కవరుకూ ఫోనుకూ మధ్య ఇసుక రేణువు దూరితే నెలల తరబడి అక్కడే రుద్దుతూ ఉంటుంది. వారానికోసారి కవరు తీసి, రెండింటినీ మెత్తటి గుడ్డతో తుడవండి.

చెమట ఇంకోటి. చెమటలో ఉప్పుంది. ఉప్పు ఆక్సైడు పొరలో బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. రిపేరు షాపులో పాత అల్యూమినియం ల్యాప్‌టాపును బల్ల మీద వెలుతురుకు వాల్చి చూస్తే తెలుస్తుంది. కీబోర్డు కింద, మణికట్టు ఆనేచోట, ముందు అంచు మీద తెల్లటి చుక్కలుంటాయి. వేలితో తడిమితే గరగరలాడతాయి. కొంతమంది అవి అన్నం మెతుకుల మరకలేమో అని గీకుతారు. మరకలు కావు. అక్కడ లోహం గుంటలు పడింది. ఇక పోవు. వేసవిలో ల్యాప్‌టాప్ మీద పని చేశాక ఆ చోటును తడి పిండేసిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. ఆ చుక్కలు చాలా ఏళ్లు రావు.

తుడవడం అంటే తోమడం కాదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లు వినాలి. ఇత్తడిని మనం చింతపండుతో తోముతాం. తళతళలాడుతుంది. ఆ అలవాటు ఫోను మీద చూపించకండి. పులుపు ఆక్సైడు పొరను తింటుంది. సబ్బు సోడా కూడా తింటుంది. ఇత్తడి తోమే పొడి అయితే గీతలు కూడా పెడుతుంది. మసిబారిన ఇత్తడికి మళ్లీ మెరుగు పెట్టొచ్చు. అనోడైజింగ్ పోయిన ఫోనుకు ఇంట్లో మళ్లీ అనోడైజింగ్ చేయలేం.

స్టీలు పట్టీ ఉన్న ఫోన్లు కొన్ని ఉన్నాయి. స్టీలుకు అనోడైజింగ్ కుదరదు. గాలి తీసేసిన గదిలో లోహపు ఆవిరిని దాని మీద సన్నగా పట్టిస్తారు. గట్టి పూతే. కానీ అద్దంలా మెరిసే స్టీలు మీద సన్నని గీతలు, వేలిముద్రలు బాగా కనబడతాయి. ఇక పెయింటు వేసిన ప్లాస్టిక్ ఉంది. లోహం రంగు పూసి లోహం అని అమ్ముతారు. దాన్ని పట్టుకోవడం తేలిక. ఏసీ ఉన్న షోరూములో చెయ్యి ఆనించండి. అల్యూమినియం చల్లగా తగులుతుంది, మీ చేతి వేడిని లాగుతుంది కాబట్టి. ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు. ల్యాప్‌టాపుల్లో మూత లోహం, అడుగు ప్లాస్టిక్ అయినవి చాలా ఉన్నాయి. తిప్పి, అడుగు కూడా ముట్టుకుని చూడండి.

గిల్టు నగలు పెట్టుకుంటే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు ఒక జాగ్రత్త పడాలి. చాలామందికి ఆ దద్దుర్లు నికెల్ వల్ల వస్తాయి. నికెల్ పూత వేసిన చవక ఫోను కవర్లు, రింగు హోల్డర్లు చెంపకు, వేళ్లకు అదే పని చేస్తాయి. అలాంటివాళ్లు అవి వాడొద్దు.

లోహపు కవర్ల మాట వచ్చింది కాబట్టి రేడియో తరంగాల మాట కూడా చెప్పాలి. మీరు ఇప్పుడు నా గొంతు వింటున్నది రేడియో తరంగాల మీద. ఫోను మాట్లాడేది కూడా వాటి మీదనే. అన్ని వైపులా మూసిన లోహపు డబ్బాలోంచి ఆ తరంగాలు బయటికి రావు. అందుకే లోహపు ఫోను అంచు మీద అడ్డంగా సన్నని ప్లాస్టిక్ గీతలు కనబడతాయి. అవి అందం కోసం పెట్టినవి కావు. లోహాన్ని ముక్కలు చేసి యాంటెన్నాగా వాడుకోవడానికి పెట్టినవి. 2010లో ఐఫోన్ 4కు చుట్టూ ఉన్న స్టీలు పట్టీయే యాంటెన్నా. ఒక మూల చేత్తో గట్టిగా పట్టుకుంటే సిగ్నల్ పడిపోయేది. అంత సున్నితమైన లెక్క అది. అలాంటి ఫోనుకు మీరు రోడ్డు పక్కన కొన్న లోహపు కవరు తొడిగితే ఏమవుతుంది? సిగ్నల్ తగ్గుతుంది. సిగ్నల్ కోసం ఫోను ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది. బ్యాటరీ కరుగుతుంది. పల్లెల్లో టవరు దూరంగా ఉన్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది. రబ్బరు కవరు వేయండి, లోహపు కవరు వద్దు.

నాకొక కోరిక ఉంది. వరంగల్‌లో 1959లో మొదలైన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఇప్పటి ఎన్ఐటీ. అక్కడ లోహశాస్త్ర విభాగం ఉంది. లోహం మీద పూతలు ఎందుకు నిలుస్తాయో, ఎందుకు లేచిపోతాయో అక్కడి పిల్లలు పుస్తకాల్లో చదువుతారు. కాజీపేటలో రైలెక్కితే పెంబర్తి దారిలోనే ఉంది. లక్క మీద రేకు కొట్టే చేతికి, ఆక్సైడు పొర లెక్కలు తెలిసిన బుర్రకు మధ్య దూరం ఇంతే. ఏడాదికి ఒక్కసారయినా ఆ పిల్లలు ఆ పనివాళ్ల పక్కన కూర్చోవాలి. పెంబర్తి పనివాళ్లకు లక్కర్ కంటే ఎక్కువ కాలం నిలిచే పూత దొరకాలి. అది దొరికితే వాళ్ల బొమ్మలు సముద్రం పక్క ఊళ్లలో కూడా నల్లబడకుండా ఉంటాయి. ఇది జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆఖరుగా, చాలామంది అడిగే సంగతి. లోహపు ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు మూత మీద చెయ్యి మెల్లగా జరిపితే సన్నగా జివ్వుమంటుంది. దీనికీ పైపొరకూ సంబంధం ఉంది. అనోడైజింగ్ పొర కరెంటును నేరుగా రానివ్వదు. అది అరిగిన అంచుల దగ్గర, స్క్రూల దగ్గర లోహం నేరుగా చేతికి తగులుతుంది. అక్కడ ఇంకా గట్టిగా తెలుస్తుంది. మంచి చార్జరయితే ఆ కరెంటు అతి తక్కువ, ప్రాణానికి భయం లేదు. కానీ ఆ కరెంటు పోవాల్సింది మీ వేలిలోంచి కాదు, ఎర్తు తీగలోంచి. మూడు పిన్నుల తీగ ఉన్న చార్జరయితే దాన్నే వాడండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూర్చకండి. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. డూప్లికేట్ చార్జరు వాడుతూ గట్టిగా షాకు కొడుతుంటే మాత్రం వెంటనే ప్లగ్గు పీకేసి, ఆ చార్జరును పక్కన పడేయండి.